నవ్వితే పోయే శబ్దాలు: బ్రెజిల్ ఓరో విన్ నుంచి మన సవర దాకా

ఎడిటర్ గారికి నమస్కారమండి.

మీ పేపర్లో అంతరించిపోతున్న భాషల గురించి అప్పుడప్పుడు వేస్తుంటారు, ఇంతమంది మిగిలారు అంతమంది మిగిలారు అని లెక్కలు ఇస్తారు, లిపి ఉందా లేదా అని రాస్తారు, కానీ ఆ భాష చెవికి ఎలా ఉంటదో, అందులో మనకి లేని శబ్దాలు ఏటున్నాయో ఎవరూ రాయరు. నాకు ఎప్పట్నుంచో ఈ లోటు కనిపిస్తోంది కాబట్టి ఉత్తరం కొంచెం పొడుగైనా సరే రాసేస్తున్నాను, వీలైనంత వెయ్యండి. నేను శ్రీకాకుళంలో స్పీచ్ థెరపిస్టుని. మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లలు, నత్తి ఉన్నోళ్లు, గ్రహణం మొర్రి ఆపరేషన్ అయిన పిల్లలు, పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పెద్దోళ్లు నా దగ్గరికి వస్తారు. అంచేత ఎవరైనా మాట్లాడితే నాకు అర్థం కంటే ముందు శబ్దం వినిపిస్తది, నాలుక ఎక్కడ తగిలింది, పెదాలు ఏం చేశాయి, గాలి ముక్కులోంచి పోయిందా నోట్లోంచి పోయిందా అన్నది ముందు పట్టుకుంటాను, అది అలవాటైపోయింది.

ఇప్పుడు అసలు విషయం. బ్రెజిల్ దేశంలో పడమటి వైపు బొలీవియా సరిహద్దుకి దగ్గర్లో రొండోనియా అని ఒక రాష్ట్రం ఉంది, అక్కడ పకాస్ నోవోస్ అనే నది పైభాగంలో ఓరో విన్ అనే జనం ఉన్నారు. వాళ్ల భాష పేరు కూడా ఓరో విన్. పుట్టుకతో ఆ భాష మాట్లాడేవాళ్లు పట్టుమని పది మంది లేరని 1990లలోనే రాశారు. ఆ భాషలో ఒక హల్లు ఉంది, ప్రపంచంలో వేల భాషలుంటే అది ఉన్న భాషలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఓరో విన్ లో ఉంది, దానికి చుట్టమైన వరీ అనే భాషలో ఉంది, ఈ రెంటితో ఏ సంబంధం లేని పిరహా అనే ఇంకో అమెజాన్ భాషలో కూడా ఉందని తర్వాత తెలిసింది.

ఆ శబ్దం ఎలా ఉంటదో చెప్తాను, మీరూ ప్రయత్నం చెయ్యండి. నాలుక కొసని పైపళ్ల వెనక ఆనించి త అనడానికి సిద్ధపడండి, అదే టైములో పెదాలు కొంచెం ముందుకి తెచ్చి దాదాపు మూసినట్టు వదులుగా పెట్టండి, ఇప్పుడు నాలుక వదిలెయ్యండి. వెనక ఆగిన గాలి ఒక్కసారి వచ్చి పెదాలకి తగిలి అవి బుర్రుమని రెండు మూడు సార్లు కొట్టుకోవాలి. గొంతు మోగకూడదు, గాలి ఒక్కటే. త, ఆ వెనకే పెదాల వణుకు, రెండూ కలిసి ఒకే హల్లు. ఓరో విన్ లో చిన్న పిల్లాడు అనే మాట ఈ శబ్దంతోనే మొదలవుతుంది, తర్వాత ఉ అనే అచ్చు, చివర మ్. తెలుగు అక్షరాల్లో అది రాయడానికి నాకు దారి దొరకలేదు, త్బుం అని రాస్తే అందులో ఉన్న ప్రాణం పోతది, అందుకే రాయట్లేదు.

ఈ శబ్దం దాదాపుగా ఉ, ఒ లాంటి అచ్చుల ముందే వస్తుందట. నాకు చాలా సంతోషం వేసింది అది చదివి, ఎందుకంటే అది నా పనికి సరిగ్గా సరిపోయే సంగతి, ఉ అనాలంటే పెదాలు ముందే గుండ్రంగా దగ్గరకి వచ్చేస్తాయి, దగ్గరకి వచ్చిన వదులు పెదాలకి గాలి తగిలితే వణుకుతాయి. అ ముందు అయితే పెదాలు తెరుచుకుని ఉంటాయి, వణకడానికి వీలుండదు. అంటే ఆ శబ్దం ఎవరో కూర్చుని కల్పించింది కాదు, నోరు పనిచేసే పద్ధతిలోంచి తరతరాలుగా పుట్టుకొచ్చింది. మళ్లీ అలాంటి నోరు మనందరికీ ఉంది కానీ హల్లుగా పెట్టుకున్నది వాళ్లు కొద్దిమందే.

మన ఇళ్లలో పసిపిల్లలు అయిదారు నెలల వయసులో పెదాలు బుర్రుమనిపిస్తుంటే ముసలోళ్లు ఏమంటారు, వాన వస్తదర్రా అంటారు కదా. అదే వణుకు. పాప ఏ దేశంలో పుట్టినా ఆ వయసులో రకరకాల శబ్దాలు చేసి చూస్తది, తర్వాత చుట్టూ ఉన్నోళ్లు ఏ శబ్దాలు వాడతారో అవి ఉంచుకుని మిగతావి వదిలేస్తది. మన పాప బుర్రుని వదిలేస్తది, ఓరో విన్ పాప దాన్ని ఉంచుకుని మాటలో పెట్టుకునేది. ఇప్పుడు ఆ ఊళ్లో పుట్టే పాపకి ఆ శబ్దాన్ని తన భాషలో వినిపించడానికి ఒకళ్లో ఇద్దరో ముసలోళ్లు ఉంటే ఉన్నట్టు.

వాళ్లకి ఈ గతి ఎందుకు పట్టిందో కూడా చెప్పాలి, లేకపోతే భాష దానంతట అదే ముసలిదైపోయి చచ్చిపోయిందని అనుకుంటారు. 1963లో రబ్బరు వ్యాపారి ఒకడు పంపిన మనుషులు తుపాకులతో వాళ్ల ఊరి మీద పడ్డారు. ఆడవాళ్లు, పిల్లలు అని చూడకుండా చంపేశారు. బతికిన కొద్దిమందిని రబ్బరు పాలు తీసే పనిలో పెట్టుకున్నారు, బయటి రోగాలు తగిలి ఇంకా కొంతమంది పోయారు. ఆ తర్వాత వాళ్లని తీసుకెళ్లి వేరే చోట, తమకంటే చాలా ఎక్కువమంది ఉన్న వరీ జనం మధ్య ఉంచారు, అక్కడ పిల్లలు వరీ మాట్లాడాలి లేదా పోర్చుగీసు మాట్లాడాలి, తల్లి భాష ఇంట్లో గుసగుసలకి మిగిలింది. ఆ వ్యాపారికి 1994లో జాతి నిర్మూలన నేరం కింద కోర్టు శిక్ష వేసింది, బ్రెజిల్ చరిత్రలో అలాంటి తీర్పులు బహు కొద్ది. ముప్పై ఏళ్లకి తీర్పు వచ్చింది, కానీ మాట్లాడే మనుషుల్ని ఏ కోర్టు తెచ్చి ఇవ్వగలదు.

ఇందులో నన్ను అన్నిటికంటే ఎక్కువ కుదిపింది మాత్రం వేరే సంగతి. ఆ శబ్దాన్ని బయట ప్రపంచానికి తెలియజేసినవాళ్లు డేనియల్ ఎవరెట్, పీటర్ లాడిఫోగెడ్ అనే ఇద్దరు భాషా శాస్త్రవేత్తలు, 1990లలో రికార్డు చేసి 1996లో రాశారు. వరీ వాళ్లు ఆ శబ్దం పలికితే బయటివాళ్లు నవ్వేవారట, వెక్కిరించేవారట. మీకు తెలిసిన ఆ పిరహా వాళ్లు కూడా ఇలాగే పలుకుతారా అని వరీ వాళ్లు ఎవరెట్‌ని అడిగారట. ఆ ప్రశ్న చదివి నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మేమొక్కళ్లమేనా ఇలాగ, ఇంకెవరైనా ఉన్నారా అని అడిగినట్టు అనిపించింది నాకు. మన ఊళ్లల్లోంచి హైదరాబాదో విశాఖపట్నమో వెళ్లి హాస్టల్లో చేరిన పిల్లలు మన జిల్లా వాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని వెతుక్కోవడం నేను చూశాను, "ఏటి", "ఎల్తన్నాను" అని నోరు జారితే పక్కోళ్లు నవ్వుతారని మాట్లాడ్డమే తగ్గించేసిన పిల్లలు నాకు తెలుసు. సినిమాల్లో మన యాస ఎవరి నోట పెడతారో అందరికీ తెలిసిందే, దాని గురించి మీ పేపర్లోనే చాలామంది రాశారు కాబట్టి నేను సాగదియ్యను.

తుపాకీ తర్వాత భాషకి అంత హాని చేసేది ఈ నవ్వేనని నా నమ్మకం. తుపాకీ అయితే అందరికీ కనిపిస్తది, కేసు పెట్టొచ్చు. నవ్వుకి కేసు ఎక్కడ పెడతాం. పిల్లాడు ఒకసారి పలికాడు, క్లాసంతా నవ్వింది, రెండోసారి పలకడు, ఆ శబ్దం ఇంట్లో మాత్రమే వాడతాడు, పెద్దయ్యాక తన పిల్లలకి ఇంట్లో కూడా వినిపించడు, ఎందుకంటే తను పడ్డ అవమానం వాళ్లు పడకూడదని. ప్రేమతోనే చేస్తాడు పాపం. అలా రెండు తరాల్లో శబ్దం పోతది, భాష లెక్కల్లో మాత్రం ఇంకా బతికున్నట్టే ఉంటది.

ఇక్కడ మన వైపు సంగతికి వస్తాను. సీతంపేట, భామిని, కొత్తూరు, మెళియాపుట్టి వైపుల నుంచి సవర గిరిజనుల పిల్లల్ని నా దగ్గరికి తీసుకొస్తుంటారు. కొంతమందికి నిజంగానే వినికిడి సమస్యో మరోటో ఉంటది, వాళ్లకి థెరపీ కావాలి. కానీ కొంతమందిని "ఈడికి ఉచ్చారణ దోషం ఉందండి, మాట మధ్యలో గొంతులో తెగిపోతంది, సరిచెయ్యండి" అని తెస్తారు. కూర్చోబెట్టి అన్నీ చూస్తే నాలుక బావుంది, అంగుడు బావుంది, చెవులు బావున్నాయి, ఆ పిల్లాడికి దోషం లేదు, వాడు సవర. సవర భాషలో మాట మధ్యలో, చివర గొంతు టక్కున మూసి ఆపే శబ్దం ఒక హల్లు. మాట చివర బ, డ లాంటివి వస్తే పెదాలో నాలుకో మూసేటప్పుడే గొంతు కూడా బిగిస్తారు, తెలుగులోలాగ చివర అచ్చు వెయ్యరు. మన తెలుగులో ప్రతి మాటా దాదాపు అచ్చుతో ముగుస్తది కాబట్టి మన చెవికి అది తెగిపోయినట్టు వినిపిస్తది.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది మా వృత్తిలో ఉన్నోళ్లకి తప్ప బయట పెద్దగా తెలీదు. అంగుడు చీలి పుట్టిన పిల్లలకి నోట్లో గాలి ఆగదు, ముక్కులోంచి పోతది, అందుకని ప, త, క పలకలేక వాటి బదులు గొంతులోనే గాలి ఆపి ఒక శబ్దం చేస్తారు. మా పుస్తకాల్లో దాన్ని మాన్పించాల్సిన అలవాటు అని రాసి ఉంటది, మేం నెలల తరబడి కష్టపడి మాన్పిస్తాం. సరిగ్గా ఆ శబ్దమే సవర పిల్లాడి నోట్లో అమ్మ నేర్పిన హల్లు. అంటే తెలీనోళ్లు ఎవరైనా పుస్తకం పట్టుకుని ఆ పిల్లాడికి థెరపీ మొదలుపెడితే వాడి తల్లి భాషనే రోగం అని మాన్పించేసినట్టు అవుతది. టీచర్లకి నా విన్నపం ఒక్కటే, తెలుగు నేర్పండి, బాగా నేర్పండి, తెలుగు చదివేటప్పుడు తెలుగులాగా చదవమనండి, అది వేరే సంగతి. కానీ పిల్లాడి ఇంటి భాషలో ఉన్న శబ్దాన్ని దోషం అనకండి, క్లాసులో ఎవర్నీ నవ్వనివ్వకండి.

ఈ శబ్దాన్ని దోషం అనకుండా విన్న మనిషి ఈ జిల్లాలోనే పుట్టారు. గిడుగు వెంకట రామమూర్తి గారు, 1863లో, ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం, వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి ప్రతి ఏడూ పేజీలు నింపుతారు, సవర గురించి మాత్రం ఒక వాక్యం రాసి వదిలేస్తారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకున్నారు ఆయన, ఆ రోజుల్లో కులం పట్టింపులున్న ఇంట్లో అది ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది, సవర నిఘంటువులు కూడా తయారుచేశారు, సవర పిల్లలకి బడులు పెట్టించారు. సవర ముండా అనే భాషా కుటుంబంలోది, ఆ కుటుంబం భాషని మన దేశంలో శాస్త్రీయంగా పట్టుకుని పరిశీలించిన మొదటివాళ్లలో ఆయన ఒకరు. సవరకి మన తెలుగుతో చుట్టరికం లేదు, దాని చుట్టాలు మేఘాలయలో ఖాసీ, అటు కంబోడియాలో ఖ్మేర్, వియత్నాం భాష, అంత దూరం ఉన్నారు. మనం పక్కనే ఉండి వాళ్లని సంతల్లో చూసి చింతపండు, కొండచీపుర్లు కొనుక్కుని వచ్చేస్తాం తప్ప ఆ భాష ఎంత పాతదో ఎవరూ పట్టించుకోరు.

గిడుగు వారు కొండల్లో తిరిగి తిరిగి మలేరియా బారినపడ్డారు, దానికి క్వినైన్ వాడి వాడి వినికిడి పోయింది. గొంతులో ఆగే ఆ చిన్న శబ్దాన్ని కూడా వదలకుండా పట్టుకున్న చెవులు అవి. వినికిడి పోయినవాళ్లతో రోజూ పనిచేసేదాన్ని కాబట్టి ఆయన గురించి చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తది. చెవులు పోయాక కూడా ఆయన పని ఆపలేదు.

సవర ఒక్కటే కాదు. మన కొండల్లో కొండదొరల భాష ఉంది, కొండ భాష అనే అంటారు, దాని మీద భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1969లో పుస్తకం వేశారు. అందులో మామూలు ర కాక నాలుక ఆడించే ర లు ఇంకా ఉన్నాయి, వాటిలో ఒకటి గొంతు మోగకుండా గాలితోనే పలికేది. మనకి కూడా ఒకప్పుడు ఱ వేరే శబ్దం, ఇప్పుడు పాత పద్యాల్లో అక్షరం మిగిలింది, పలికేటప్పుడు ఎవరికీ తేడా తెలీదు. కొండదొరల ముసలోళ్లు మాత్రం ఆ పాత తేడాని నోట్లో ఉంచుకున్నారు. పద్యం చదివే పండితులు ఎవరైనా ఒకసారి వెళ్లి వాళ్లని వినండి, నిజంగా చెప్తున్నాను. సాలూరు వైపు గదబలు ఉన్నారు. గదబ భాషల్లో ఒకటైన కోనేకోర్ గదబ మీద పేరి భాస్కరరావు గారు 1980లో పుస్తకం రాశారు. ఆయనే, ఇందాక ఓరో విన్ శబ్దం రికార్డు చేసిన లాడిఫోగెడ్ గారితో కలిసి నీలగిరుల్లో తోడా భాష మీద పనిచేశారు. తోడాలో నాలుక వణికించే శబ్దాలు ఆరు రకాలు ఉన్నాయని వాళ్ల పరిశోధన. ఒక్క ర కి ఆరు! మనకి ఒకటే ర, అది కూడా రాక నాలుగైదేళ్ల పిల్లలు ర బదులు ల అంటుంటే తల్లులు కంగారుపడి నా దగ్గరికి తెస్తుంటారు. బ్రెజిల్ అడవిలో పెదాల వణుకు విన్న చెవులే మన నీలగిరుల్లో నాలుక వణుకు కూడా విన్నాయన్నమాట. ఆ లాడిఫోగెడ్ గారు 2006 జనవరిలో కూడా పరిశోధన పని మీద మన దేశం వచ్చి, తిరిగి వెళ్తూ లండన్లో చనిపోయారు, 80 ఏళ్ల వయసులో.

ఆయన మీద నాకు ఎంత గౌరవం ఉన్నా ఒక్క విషయంలో ఒప్పుకోలేను, అది కూడా చెప్పాలి. భాషల్ని కాపాడాలి కాపాడాలి అని తోటి శాస్త్రవేత్తలు రాస్తుంటే 1992లో ఆయన వేరే మాట రాశారు. కెన్యాలో దహాలో అనే భాష మాట్లాడే పెద్దమనిషిని మీ అబ్బాయిలు ఈ భాష మాట్లాడతారా అని అడిగితే లేదు, స్వాహిలీయే మాట్లాడతారు అని నవ్వుతూ చెప్పాడట, బాధపడలేదట, పిల్లలు బడికెళ్లి తనకి తెలియనివి నేర్చుకున్నారని గర్వంగా ఉన్నాడట, అతను చేసింది తప్పు అనడానికి నేనెవర్ని అని లాడిఫోగెడ్ గారి భావం. ఇది కొట్టిపారేసే మాట కాదు. మన సీతంపేట వైపు తల్లిదండ్రులు కూడా అదే అంటారు, మా పిల్లలకి తెలుగు కావాలి, ఇంగ్లీషు కావాలి, ఉద్యోగం కావాలి అంటారు, నూటికి నూరు పాళ్లు న్యాయం, టౌన్లో ఫ్యాన్ కింద కూర్చుని మీరు కొండ మీదే ఉండి మీ భాష మాట్లాడుకోండి అనడానికి నాకే హక్కూ లేదు.

కానీ ఆ తండ్రి నవ్వు వెనకాల ఏముందో కూడా అడగాలి కదండీ. ఓరో విన్ వాళ్లకి వదులుకోవడమా ఉంచుకోవడమా అని ఎంచుకునే అవకాశం ఎవరిచ్చారు? సవర తండ్రికి రెండు దార్లు చూపించారా, తెలుగూ వస్తది సవరా ఉంటది, రెండూ కలిసి ఉంటే పిల్లాడి బుర్రకి నష్టం ఏమీ లేదు అని ఎవరైనా చెప్పారా? మా వృత్తిలో ఇది స్పష్టంగా తెలిసిన సంగతి, రెండు భాషలు వింటూ పెరిగినంత మాత్రాన పిల్లలకి మాట ఆలస్యం కాదు, నత్తి రాదు. ఇంట్లో సవర ఆపేస్తే తెలుగు బాగా వస్తదని కొంతమంది సలహా ఇస్తున్నారు, అది తప్పు సలహా. తల్లికి బాగా వచ్చిన భాషలోనే తల్లి పిల్లాడితో మాట్లాడాలి, తనకి సరిగ్గా రాని తెలుగులో ముక్కలు ముక్కలుగా మాట్లాడితే పిల్లాడికి రెండూ అందవు. ఆ తండ్రికి ఇదంతా తెలిసి, ఎవరూ నవ్వరని తెలిసి, అప్పుడు కూడా వద్దు అంటే సరే, అది అతని ఇష్టం. సిగ్గుపడి వదిలేసిన దాన్ని ఇష్టంతో వదిలేసినట్టు రాసుకోకూడదని నా వాదన.

ఇంకోటి కూడా ఉంది. 2011 జనాభా లెక్కల్లో సవర మాట్లాడేవాళ్లు ఒడిశా, ఆంధ్రా అన్నీ కలిపి 4 లక్షల పైన ఉన్నారు. 2013లో కేంద్రం మొదలుపెట్టిన అంతరించే భాషల రక్షణ పథకం 10 వేల కంటే తక్కువమంది మాట్లాడే భాషలకే. అది మైసూరులో ఉన్న భారతీయ భాషల సంస్థ చూస్తోంది, మంచి పనే. కానీ 4 లక్షలు అనగానే అందరూ అమ్మయ్య అనుకుంటారు. రోడ్డు పక్క ఊళ్లలో సవర పిల్లలు ఎంతమంది ఆ గొంతు శబ్దం తాతలు పలికినట్టు పలుకుతున్నారో ఒకసారి వినండి. నా దగ్గరికి వచ్చినవాళ్లలో కొంతమంది దాన్ని తీసేసి తెలుగు పద్ధతిలో చివర ఉ పెట్టి సవర మాట్లాడుతున్నారు. మాటలు ఉన్నాయి, మనుషులు ఉన్నారు, శబ్దం మారిపోయింది. ఉమ్మడి రాష్ట్రంలో సవరకి, కొండ భాషకి, కువి అనే ఇంకో గిరిజన భాషకి తెలుగు లిపిలో వాచకాలు వేశారు, దాన్ని నేను మెచ్చుకుంటాను, పిల్లాడు బడికి వచ్చిన మొదటి రోజు తనకి అర్థమయ్యే మాట వినాలి. అయితే తెలుగు లిపి తెలుగు శబ్దాల కోసం పుట్టింది, ఆ అక్షరాల్లోంచి చదువుకునే పిల్లాడికి పక్కన పెద్దోళ్ల గొంతు కూడా వినిపించాలి, లేకపోతే తెలుగు శబ్దాలతోనే సవర చదువుతాడు.

దక్షిణ అమెరికాలోనే ఇంకో చివర, చిలీ దేశం అడుగున నవరీనో అనే దీవిలో యాగన్ అనే భాష ఉండేది. 19వ శతాబ్దంలోనే థామస్ బ్రిడ్జెస్ అనే మిషనరీ దానికి 32 వేల దాకా మాటలతో నిఘంటువు తయారుచేశాడు. పుట్టుకతో ఆ భాష మాట్లాడిన ఆఖరి మనిషి క్రిస్టినా కాల్డెరోన్ అనే పెద్దావిడ 2022 ఫిబ్రవరి 16న చనిపోయారు, 93 ఏళ్లు. పుస్తకం 32 వేల మాటలు ఇచ్చింది గానీ ఆ మాటలు ఎలా పలకాలో ఇప్పుడు నేర్చుకుంటున్న పిల్లలకి ఆవిడ గొంతు రికార్డులు కావాలి. అదృష్టం కొద్దీ ఉన్నాయి. ఓరో విన్ ముసలోళ్ల గొంతు కూడా రికార్డు అయింది కాబట్టే ఇక్కడ శ్రీకాకుళంలో కూర్చుని నేను ఆ పెదాల వణుకు గురించి రాయగలుగుతున్నాను. గిడుగు వారి కాలంలో మైక్ పట్టుకుని కొండెక్కడం మాటలా, ఆయన చెవితో విని చేత్తో రాసుకున్నారు, ఇప్పుడు ప్రతి జేబులో రికార్డర్ ఉంది.

అందుకే ఎడిటర్ గారూ, మీకూ, మీ పాఠకులకీ అడుగుతున్నాను. మీ జిల్లా విలేకర్లు కొండ ఊళ్లకి వెళ్తూనే ఉంటారు, రోడ్డు లేదని, డోలీ కట్టి మోశారని వార్తలు తెస్తారు, అవి రావాల్సిన వార్తలే. వెళ్లినప్పుడు ఒక అరగంట ఎక్కువ ఉండి ఆ ఊరి పెద్దావిడనో పెద్దాయననో అడిగి మాట్లాడించి రికార్డు చెయ్యమనండి. కాలేజీ పిల్లలు, టీచర్లు, ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ అక్కలు ఎవరైనా చెయ్యొచ్చు. ముఖ్యంగా సవర, కొండ, గదబ ఇళ్లలో చదువుకున్న పిల్లలు తమ తాత నాయనమ్మల్ని తామే రికార్డు చేసుకుంటే అంతకంటే మంచిది లేదు.

ఎలా చెయ్యాలో నాకు తెలిసినంత చెప్తాను. ముందు అనుమతి అడగండి, ఎందుకో చెప్పండి, వద్దంటే వదిలెయ్యండి. ఫ్యాన్ ఆపండి, కోళ్లు మేకలు దూరంగా ఉన్న చోటు చూడండి, రేకుల కింద వద్దు, శబ్దం తిరిగొచ్చి కొడతది. ఫోన్ చేత్తో పట్టుకోకుండా మూరెడు దూరంలో ఏదైనా గుడ్డ మీద పెట్టండి. పాటలు కథలు ఎలాగూ చెప్తారు, అవి కావాలి, కానీ వాటితో పాటు ఒక్కో మాటని విడిగా, నిదానంగా, మూడేసి సార్లు చెప్పించండి, ఎందుకంటే పరుగుమీద చెప్పిన మాటలో గొంతు ఆగిన చోటు వినిపించదు. అంకెలు, శరీరంలో భాగాలు, చుట్టాల వరసలు, చెట్లు, పిట్టలు, వ్యవసాయం పనిముట్లు, ఈ వరసలో అడిగితే గంటలో చాలా మాటలు వస్తాయి. ఒకసారి వీడియో కూడా తియ్యండి, మొహానికి ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, పెదాలు ఏం చేస్తున్నాయో కనిపించాలి, ఓరో విన్ లాంటి శబ్దం అయితే చెవికంటే కంటికే ముందు అర్థమవుతది. పళ్లు ఊడిపోయిన పెద్దోళ్లు అయితే కొన్ని శబ్దాలు మారతాయి, అందుకని పళ్లున్న ఇంకొకళ్లని కూడా రికార్డు చెయ్యండి. మనిషి పేరు, ఊరు, వయసు, తేదీ మొదట్లోనే వాళ్ల నోటితోనే చెప్పించండి, పేరు బయట పెట్టొద్దంటే పెట్టకండి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే అది శబ్దాన్ని నొక్కేసి చిన్నది చేస్తది, స శ లాంటి సన్నటి శబ్దాలు దెబ్బతింటాయి, అసలు ఫైలుని డాక్యుమెంట్‌గా పంపండి, ఒక కాపీ ఆ ఇంట్లోవాళ్ల ఫోన్లో కచ్చితంగా పెట్టండి. వాళ్ల గొంతు వాళ్ల దగ్గర ఉండకుండా మన దగ్గరే ఉంటే ఏం లాభం.

ఐక్యరాజ్యసమితి 2022 నుంచి 2032 దాకా ఆదివాసీ భాషల దశాబ్దం అని ప్రకటించింది, అందులో కొంత కాలం అప్పుడే అయిపోయింది. ఈసారి ఆగస్టు 29కి మీ జిల్లా పేజీలో గిడుగు వారి ఫోటో పక్కన ఒక సవర పెద్దావిడ చెప్పిన పది మాటలు వెయ్యండి, ఆ మాటలు ఫోన్లో వినడానికి ఒక కోడ్ అచ్చు వెయ్యండి, స్కాన్ చేస్తే ఆవిడ గొంతే రావాలి. మీకు అవసరమైతే శబ్దాలు సరిచూసి ఏది ఎక్కడ పుడుతుందో రాసిపెట్టడానికి నేను వస్తాను, డబ్బులేమీ అక్కర్లేదు, ఆదివారం అయితే రోజంతా ఖాళీ, బస్సు వెళ్లే దాకా బస్సు మీద, తర్వాత నడిచైనా వస్తాను.

ఇట్లు
మీ పాఠకురాలు, స్పీచ్ థెరపిస్టు
శ్రీకాకుళం